జాడ పట్టే విద్య: ఆన్‌లైన్ ఆటల్లో స్కౌట్, రేంజర్ నైపుణ్యాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• జాడ పట్టే నైపుణ్యం అడవి నుంచి ఆటలోకి వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• కింది స్థాయి ఆటగాడి సాధన ఏ నియమాల మీద నడిచిందో తెలుపగలుగుతారు.
• అలా సంపాదించిన నైపుణ్యం ఎవరి ఆధీనంలో ఉంటుందో చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

'రేంజర్', 'స్కౌట్' అనే మాటలు మీకు కొత్తవి కావు. అటవీశాఖలో ఒక రేంజిని చూసుకునే అధికారిని మనం రేంజర్ అంటాం. మెడకు స్కార్ఫు కట్టుకుని బడిలో కవాతు చేసే పిల్లలను స్కౌట్లు అంటాం. ఈ రెండు మాటలూ గత యాభై ఏళ్లలో కంప్యూటర్ ఆటల్లోకీ చేరాయి. అక్కడ రేంజర్ అంటే అడవిలో ముందు నడిచి వేగు చూసే పాత్ర. కొత్తగా చేరిన ఆటగాడు ఆ పాత్రకు జాడ పట్టే నైపుణ్యం పెంచడానికి గంటల తరబడి ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తాడు.

దీన్ని కాలక్షేపంగా కొట్టిపారేయడం తేలిక. కాని చరిత్ర విద్యార్థికి ఇందులో ఒక గట్టి ప్రశ్న ఉంది. ఒక నైపుణ్యం ఎక్కడ నిలిచి ఉంటుంది? మనిషిలోనా, పుస్తకంలోనా, యంత్రంలోనా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని ముందుకు చదవండి.

2. అడవి నుంచి పుస్తకానికి

మధ్యయుగ ఇంగ్లండులో రాజు అడవులను తిరిగి కాపలా కాసే ఉద్యోగిని రేంజర్ అనేవారు. ఉత్తర అమెరికాలో బ్రిటిష్, ఫ్రెంచి వారి మధ్య 1754 నుంచి 1763 వరకు జరిగిన యుద్ధంలో ఆ మాట సైనికులకు వర్తించింది. రాబర్ట్ రోజర్స్ నడిపిన రేంజర్ దళాలు దట్టమైన అడవుల్లో శత్రువు కదలికలు కనిపెట్టేవి. 1757లో రోజర్స్ తన మనుషుల కోసం 28 సూత్రాలు రాశాడు. ఒకే తూటాకు ఇద్దరు పడిపోకుండా ఎడం పాటించి ఒకరి వెనుక ఒకరు నడవాలి. బురద నేల తగిలితే జాడ దొరకకుండా పక్కపక్కన విడివిడిగా నడవాలి. సూత్రాలు ఇలా ఉండేవి.

ఈ జ్ఞానం రోజర్స్ ఒక్కడిది కాదు. స్టాక్‌బ్రిడ్జ్ మోహికన్ల వంటి స్థానిక తెగలవారు రేంజర్లుగా పనిచేశారు. తరతరాలుగా ఆ నేలను ఎరిగినవారి అనుభవమే సూత్రాలకు ఆధారం. పుస్తకం మీద మాత్రం సేనాని పేరే మిగిలింది. బేడెన్ పవెల్ 1899లో సైనికుల కోసం, 1908లో బాలుర కోసం రాసిన స్కౌటింగ్ పుస్తకాలతో ఈ విద్య సైన్యాన్ని దాటి బడిలోకి వచ్చింది.

3. పుస్తకం నుంచి అంకెకు

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను ప్రచురించారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసి ఆడే ఆట ఇది. 1975లో ఇందులో రేంజర్ పాత్ర చేరింది. టోల్కీన్ నవలలోని అరగార్న్ దానికి ముఖ్య ప్రేరణ. 1978లో వెలువడిన నియమాల పుస్తకం ప్రకారం, ఆరుబయట జాడ పట్టడంలో రేంజర్ గెలిచే అవకాశం 90 శాతం. రోజులు గడిచిన కొద్దీ, వాన కురిసిన కొద్దీ ఆ శాతం తగ్గుతుంది. నేలను చూసి అంచనా వేసే విద్య ఇక్కడ ఒక అంకెగా మారింది. ఇది మన కథలో ముఖ్యమైన మలుపు.

అదే 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 'మడ్' అనే ఆటను రూపొందించారు. అనేకమంది ఒకే కాల్పనిక లోకంలో కలుసుకుని అక్షరాల ద్వారా ఆడే వీలు దీనితో కలిగింది. 1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్'లో ప్రతి నైపుణ్యానికీ సున్నా నుంచి 100 వరకు కొలత ఉండేది. జాడ పట్టడం అందులో ఒకటి. ఎంత వాడితే అంత పెరగాలన్నది దాని సూత్రం. ఫలితంగా చాలామంది ఒకే మీటను వందలసార్లు నొక్కేవారు. కొందరు ఆ నొక్కడాన్ని కూడా యంత్రానికే అప్పగించారు. 1999 నాటి 'ఎవర్‌క్వెస్ట్'లో రేంజర్ జాడ తీయగానే చుట్టుపక్కల ఉన్న ప్రాణుల పట్టిక తెరపై కనిపించేది. నైపుణ్యం తక్కువైతే దగ్గరివే తెలుస్తాయి, పెరిగితే దూరం కూడా అందుతుంది.

4. కింది మెట్టు మీద సాధన: ఒక ఉదాహరణ

2003 జూన్‌లో ప్రారంభమైన 'స్టార్ వార్స్ గెలాక్సీస్' ఈ సాధనను వివరంగా చూపిస్తుంది. అందులో కొత్తవాడు ఎంచుకోగల ఆరు ప్రాథమిక వృత్తుల్లో స్కౌట్ ఒకటి. నేరుగా రేంజర్ కావడం కుదరదు. స్కౌట్ వృత్తిని పూర్తిగా నేర్చుకున్న తరువాతే రేంజర్ మెట్టు మొదలవుతుంది.

స్కౌట్ విద్యకు నాలుగు శాఖలు: అన్వేషణ, ఉచ్చులు, వేట, అడవిలో మనుగడ. కొత్త స్కౌట్ ఊరి పొలిమేరల్లోని చిన్న జంతువులను వేటాడి, వాటి తోలు, మాంసం, ఎముక తీసుకునేవాడు. దానికి స్కౌటింగ్ అనుభవం దక్కేది. ఉచ్చులు విసిరితే మరో రకం అనుభవం. గుడారం వేసి ఇతరులకు ఆశ్రయమిస్తే ఇంకో రకం. అతని ఎముకలు, తోళ్లు కవచాలు చేసేవారికి పనికివచ్చేవి. మాంసం వంటవారికి చేరేది. ఆ విధంగా కింది స్థాయి స్కౌట్ శ్రమ మీద పెద్ద అంగడి నడిచేది.

నేర్చుకునే పద్ధతి కూడా గమనించదగినది. చాలినంత అనుభవం చేరాక యంత్రం నడిపే శిక్షకుడికి డబ్బు చెల్లించవచ్చు, లేదా ఆ విద్య వచ్చిన తోటి ఆటగాడి దగ్గర నేర్చుకోవచ్చు. నేర్పినవాడికి కూడా అనుభవం జమ అయ్యేది. అంకెల మధ్య కూడా గురుశిష్య సంబంధానికి ఇంత చోటు మిగిలింది.

5. ఒక్క మార్పుతో చెరిగిన లెక్క

2004 నవంబర్‌లో వచ్చిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' సులభమైన నియమాలతో ఎంతోమందిని ఆకర్షించింది. అందులో జాడ పట్టడానికి పెంచుకోవలసిన అంకె లేదు. జంతువులు పటం మీద చుక్కలుగా కనిపిస్తాయి. పోటీ తీవ్రమైన ఆ రోజుల్లో 'గెలాక్సీస్' నిర్వాహకులు 2005 నవంబర్‌లో తమ ఆటను సమూలంగా మార్చి, ముప్పైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి కుదించారు. రేంజర్ వృత్తి ఆ జాబితాలో లేదు. నెలల తరబడి సాధన చేసినవారి హోదా ఒక మార్పుతో పోయింది. 2011 డిసెంబర్‌లో సర్వర్లే మూతపడ్డాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. మోహికన్ వేటగాడి విద్య అతని కళ్లలో, కాళ్లలో ఉండేది. రోజర్స్ సూత్రాలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి నేటికీ చదవగలుగుతున్నాం. ఆటగాడి అంకె మాత్రం సంస్థ సర్వర్‌లో ఉండేది. శ్రమ అతనిది, ఖాతా పుస్తకం వారిది. అయితే అతనికి ఏమీ మిగల్లేదని అనలేం. ఏ లోయలో ఏ మృగం తిరిగేదో, ఎవరు తనకు ఉచ్చు వేయడం నేర్పారో అతనికి గుర్తుంటుంది. ఆ నైపుణ్యంలో సర్వర్ మూతపడ్డాక కూడా నిలిచిన భాగం అదే. రేపటి చరిత్రకారుడు ఈ ఆటల గురించి రాయాలంటే నియమాల పట్టికలతోపాటు ఆడినవారి జ్ఞాపకాలను కూడా సేకరించవలసి ఉంటుంది. మీ ఇళ్లలో ఇలాంటి ఆటలు ఆడేవారుంటే అడిగి రాసుకోండి. మౌఖిక చరిత్రకు అది మంచి అభ్యాసం.

6. సారాంశం

జాడ పట్టే విద్య స్థానికుల అనుభవంగా మొదలై, సైనిక సూత్రాలుగా, బడి పాఠంగా, చివరకు ఆటలో అంకెగా మారింది. ప్రతి మెట్టులోనూ విద్యను భద్రపరిచే చోటు మారింది. దానితోపాటు దాని మీద అధికారం కూడా చేతులు మారింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రోజర్స్ సూత్రాల వెనుక ఎవరి అనుభవం ఉంది? వారి పేర్లు ఎందుకు మరుగునపడ్డాయి?
2. 'వాడితే పెరగాలి' అనే నియమం ఆటగాళ్ల ప్రవర్తనను ఎలా మార్చింది?
3. 2005 నాటి మార్పును ఆధారంగా చేసుకుని నైపుణ్యానికీ, దాని నమోదుకూ గల తేడాను చర్చించండి.