రాయ్‌పుర్‌లో పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్: పాత కేసు ఉంటే?

విదేశాల్లో ఉద్యోగం, నివాస హోదా, దీర్ఘకాలిక వీసా కోరే భారతీయులకు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను పాస్‌పోర్టు కార్యాలయం జారీ చేస్తుంది. ఛత్తీస్‌గఢ్ వాసులకు రాయ్‌పుర్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయమే ఆధారం. పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో దరఖాస్తు చేసి, రూ.500 చెల్లించి, అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పర్యాటక వీసాపై వెళ్లేవారికి దీనిని ఇవ్వరు. స్వదేశంలోని ఉద్యోగాలకు నడవడి పరిశీలన స్థానిక పోలీసులది.

అసలు చిక్కు పాత కేసులతోనే. కొట్టివేసిన కేసే కదా అని దరఖాస్తులో దాచడం ప్రమాదకరం. ఉద్యోగార్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప నేరాన్ని దాచినా, యజమాని విచక్షణతో ఉపేక్షించవచ్చని పేర్కొంది. నిజం వెల్లడించినంత మాత్రాన నియామకం హక్కు కాబోదు. అభ్యర్థి పూర్వ చరిత్రను పరిశీలించే అధికారం అప్పుడూ యజమానికి ఉంటుంది.