దవడ స్కానులో రేడియేషన్‌ను తగ్గించిందెవరు?

దవడ బోన్ స్కానులో రేడియేషన్ తగ్గింపు అనగానే ఘనతంతా కృత్రిమ మేధ ఖాతాలో వేసేస్తున్నారు. అందుకు చూపే సాక్ష్యం రెండు బొమ్మలు: ఒకటి ఇసుక చల్లినట్టు, రెండోది కడిగిన ముత్యంలా. ఈ కథ అసలు ఎక్కడ మొదలైందో ఎవరూ అడగరు.

1950ల చివర్లో హాల్ యాంగర్ గామా కెమెరా వచ్చింది, అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో, రేడియోధార్మిక మూలకం టెక్నీషియాన్ని ఇచ్చే జనరేటర్ తయారైంది. 1971లో గోపాల్ సుబ్రమణియన్, జాన్ మెకాఫీ టెక్నీషియాన్ని ఫాస్ఫేట్‌తో జతచేసి ఎముకకు పంపారు. అంతకుముందు వాడిన స్ట్రాన్షియం-85 అర్ధాయువు దాదాపు 65 రోజులు, టెక్నీషియం-99ఎంది 6 గంటలు. నా లెక్కలో అతి పెద్ద తగ్గింపు ఇదే. అది రసాయన శాస్త్రం చేసిన పని.

1984లో సిస్నెరోస్, కబాన్ ఈ స్కానును ముఖం ఒక పక్కకు ఒరిగిన రోగులపై కంప్యూటర్ లెక్కలతో ప్రయోగించారు. పదహారేళ్ల అమ్మాయి గడ్డం ఏడాదిలో ఎడమకు జరిగిందనుకోండి. కుడి దవడ కీలు తల, అంటే కాండైల్, ఇంకా పెరుగుతోందా, ఆగిందా? రెండు కీళ్ల గామా లెక్కలు కూడి, ఒక పక్క వాటా 55 శాతం దాటితే పెరుగుతున్నట్టేనని వాడుక. కోత పెట్టాలా, ఆగాలా అన్నది చాలావరకు ఆ అంకె మీదే నడుస్తుంది.

ఘనత ఎవరిదన్న ప్రశ్న అసలు తేలేది 2009–10 దగ్గర. 2009 మేలో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ మూతపడి మరుసటి ఏడాది ఆగస్టు దాకా తెరుచుకోలేదు. ఈలోగా నెదర్లాండ్స్‌లోని పెటెన్ రియాక్టరూ మరమ్మతుకు ఆగింది. టెక్నీషియానికి మూలమైన మాలిబ్డినం-99 కరువైంది. ఆస్పత్రులు మోతాదు తగ్గించి, స్కాను సమయం పెంచి నెట్టుకొచ్చాయి. గామా కెమెరా ముందుండే సీసపు జల్లెడ, అంటే కొలిమేటర్, తెచ్చే మసకను గణితంతో సరిదిద్దే సాఫ్ట్‌వేర్లు అప్పటికే ఉన్నాయి. సగం మందుతోనూ చదవదగిన బొమ్మ వస్తుందని చాలామందికి అప్పుడే తెలిసొచ్చింది. ఇదంతా రోగి మేలు కోరి చేసింది కాదు, సరుకు లేక చేసింది. సరఫరా కుదుటపడ్డాక పాత మోతాదులకు తిరిగి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పైగా ఆ సాఫ్ట్‌వేర్లను అమ్మింది ‘సగం సమయం’ అన్న మాటతో. సగం మోతాదు మాట వెనకబెంచీలో కూర్చుంది. పిల్లల మోతాదును మాత్రం బరువును బట్టి కట్టడి చేసినవి 2007 ఐరోపా పట్టిక, 2010 ఉత్తర అమెరికా మార్గదర్శకాలు. అందులో యంత్రం తెలివేమీ లేదు.

2017లో స్టాన్‌ఫర్డ్ బృందం మెదడు పెట్ స్కానులో 200వ వంతు మోతాదుతో బొమ్మ కట్టి చూపాక న్యూరల్ నెట్‌వర్క్‌ల జోరు మొదలైంది. నేను కాదనను. మోతాదు నాలుగో వంతుకు దిగితే గామా లెక్క 10,000 నుంచి 2,500కు పడి, సహజమైన తడబాటు 1 శాతం నుంచి 2 శాతం అవుతుంది. ఆ ఇసుకను తుడవడంలో నెట్‌వర్క్ దిట్ట. కానీ తుడిచిందేమిటి? తాను చూసిన వేల బొమ్మల సగటు వైపు లాగడం దాని గుణం. చాలామంది దవడలు సమానంగానే ఉంటాయి కదా! 56 శాతం కాస్తా 54 అయితే బొమ్మ అందంగానే ఉంటుంది, నిర్ణయం మాత్రం తారుమారు. 2023లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుండెకు తీసే స్పెక్ట్‌లో, అంటే గామా కెమెరా తిరుగుతూ తీసే త్రీడీ స్కానులో, ఇలాంటిదే పట్టి చూపారు: నాణ్యత కొలతలు మెరుగయ్యాయి, లోపాన్ని కనిపెట్టే శక్తి మాత్రం పెరగలేదు. గుండె ఫలితాన్ని దవడకు యథాతథంగా అంటగట్టలేం. అయినా కాండైల్ గుండెకంటే చాలా చిన్నది, అక్కడి తేడా తుడిచిపెట్టుకుపోతుందన్న భయం నాకు ఇంకా ఎక్కువ.

పెద్దలకు మామూలుగా ఎక్కించే 740 మెగాబెకరెల్స్‌తో దాదాపు 4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ పడుతుంది. పళ్ల ఆస్పత్రిలో తీసే పనోరమిక్ ఎక్స్‌రేకు అది వందరెట్లకు పైమాటే. తగ్గించవలసిందే. అయితే కృత్రిమ మేధ కొన్న ఆస్పత్రి నిజంగా తగ్గించిందా, లేక పాత మోతాదే ఎక్కించి రోజుకు నలుగురు రోగులను అదనంగా చూస్తోందా? ఎక్కించిన మెగాబెకరెల్స్ అంకె స్కాను రికార్డులో ఉంటుంది. అడిగి చూడండి.