మండునా, మండదా?

పెట్రోలును మోసుకొనిపోవు లారీల వెనుక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని వ్రాసియుండుట మనము చూచుచుందుము. ‘మిక్కిలి తేలికగా మండునది’ అని దాని భావము. కాని కొత్తగా ఇంగ్లీషు నేర్చినవారికి అది ‘మండనిది’ అని తోచవచ్చును. ఏలయన, ‘విజిబుల్’ అనగా కనబడునది, ‘ఇన్‌విజిబుల్’ అనగా కనబడనిది గదా!

ఈ చిక్కు లాటిను భాషనుండి వచ్చినది. ఆ భాషలో ‘ఇన్’ అను రూపముగల ఉపసర్గలు రెండు కలవు. ఒకటి ‘కాదు’ అను అర్థమునిచ్చును. రెండవది ‘లోపల’, ‘లోనికి’ అను అర్థములనిచ్చును. నిప్పంటించుట అను అర్థముగల ‘ఇన్‌ఫ్లమ్మారే’ అను క్రియలో నున్నది రెండవది. ఆ క్రియనుండియే ‘ఇన్‌ఫ్లేమబుల్’ పుట్టినది. 1766లో హెన్రీ కావెండిష్ హైడ్రోజనును ‘ఇన్‌ఫ్లేమబుల్ ఎయిర్’ అని పేర్కొనెను. లాటిను చదివిన నాటి పండితులకు అందు సందేహమునకు తావులేదు.

తరువాత ఈ మాట పుస్తకములనుండి పీపాలమీదికిని, గిడ్డంగుల తలుపులమీదికిని వచ్చినది. అచట అర్థము పొరబడినచో ప్రాణములకే ముప్పు. అందుచేత 1920–30 మధ్య అమెరికాలోని జాతీయ అగ్ని నివారణ సంఘము ‘ఫ్లేమబుల్’ అను పొట్టి మాటనే వాడవలెనని కోరినది. 1959లో బ్రిటిషు ప్రమాణముల సంస్థయు నట్లే సూచించినది. నేడు రెండు మాటలకును అర్థమొక్కటే. మండని దానిని ‘నాన్‌ఫ్లేమబుల్’ అందురు.

ఐక్యరాజ్యసమితి 2003లో ప్రకటించిన రసాయనముల వర్గీకరణ విధానమునందును పొట్టి మాటయే కలదు. దానితోపాటు ఎర్రని చట్రములో మంట బొమ్మయు నుండును. చదువురానివారికిని దాని భావము తెలియును.