కాలువ మార్చిన ఊరు

మిర్యాలగూడ నుంచి దేవరకొండ వెళ్లే రోడ్డు మీద, హాలియాకు ముందే తగిలే మండల కేంద్రం నిడమనూరు. పాత చరిత్ర కోసం వెతికేవాళ్లు ఈ ఊరిని దాటుకుని నాగార్జునకొండకు పోతారు. తెలంగాణ పల్లె బతుకు ఒక్క తరంలో ఎంత మారిందో చూడాలంటే మాత్రం ఇక్కడ బస్సు దిగాలి.

నిజాం ఏలుబడిలో ఇక్కడి సేద్యానికి వాన, చెరువు, బావి, ఇవే దిక్కు. కృష్ణ దగ్గర్లోనే పారుతున్నా ఆ నీళ్లు పొలానికి ఎక్కేవి కావు. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎడమ కాలువ ఈ మండలం మీదుగానే పోతుంది. ఆముదం, జొన్న చేలు వరిమళ్లయ్యాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి ఆయకట్టులో భూములు కొని స్థిరపడ్డారు.

వడ్లు పండితే సరిపోదు, ఆడించాలి. ఆ పని మిర్యాలగూడ అందుకుంది. వరుసగా రైస్ మిల్లులు లేచి, అది బియ్యం పట్నమైంది. కోతలు మొదలైతే వడ్ల ట్రాక్టర్లన్నీ అటే. మిల్లు పనికైనా, కాలేజీకైనా, పెద్దాసుపత్రికైనా జనం ఎక్కే బస్సూ అటే. 2020 వానాకాలం పంటకు మిల్లుల ముందు రద్దీ ఎంత పెరిగిందంటే, సన్నవడ్లు తెచ్చే రైతులకు అధికారులు టోకెన్లు ఇవ్వాల్సి వచ్చింది. చెమటోడ్చి పండించిన రైతు తన వడ్లు అమ్ముకోవడానికి వంతు కోసం కాచుకోవడం న్యాయం కాదు.

అయితే ప్రయాణాలన్నీ ఒకే దిక్కున సాగవు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం మండల వ్యవస్థ తెచ్చాక పల్లెల చూపు మండల కేంద్రాల వైపు తిరిగింది. వేంపాడు, ముప్పారం, తుమ్మడం వాళ్లకు తహసీల్దారు ఆఫీసులో పనిబడినా, పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలన్నా నిడమనూరుకే రావాలి. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు కూడా ఇక్కడే ఉంది. వాయిదా ఉన్నవాళ్లు పొద్దున్నే బయల్దేరతారు.

ఊరికి అన్నం పెట్టిన కాలువే 2022 సెప్టెంబర్ 7న భయపెట్టింది. ముప్పారం దగ్గర కట్ట తెగి నీళ్లు పొలాల మీద పడ్డాయి. నర్సింహులగూడెం ఇళ్లలోకి చేరాయి. మినీ గురుకులం పిల్లల్ని సురక్షిత చోటికి తరలించారు. మిర్యాలగూడ-దేవరకొండ రోడ్డు మీద రాకపోకలు ఆగిపోయాయి. గండి పూడ్చేదాకా నీటి విడుదల ఆపాల్సి వచ్చింది. దిగువన నాట్లేసిన రైతులు మళ్లీ ఆకాశం వైపు చూశారు.