దీపక్‌కు అందని పారాచూట్

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఒకప్పుడు ద్రాక్షతోటలు. అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడిన పందిళ్ల సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఆ జాగాల్లో గోదాములు లేచాయి, మందుల కంపెనీలు వచ్చాయి, మిగిలినచోట ప్లాట్ల రాళ్లు పాతారు. నేల ఎన్ని చేతులు మారినా పైనున్న ఆకాశం మాత్రం చేయి మారలేదు. అది వాయుసేనది. మేడ్చల్‌కు పడమట దుండిగల్, శామీర్‌పేటకు నైరుతిన హకీంపేట. ఈ రెండు రన్‌వేల మధ్య బతికిన ఊళ్లవాళ్లకు తల ఎత్తకుండానే ఏ విమానమో తెలిసేది. చెవులు చిల్లులు పడే ఈల వినిపిస్తే కిరణ్ జెట్. గుర్రుమంటూ, తాపీగా, ఒకే చోట గంటసేపు చుట్టూ తిరిగేది దీపక్.

ఆ దీపక్ కథ ఇది. దాని పూర్తి పేరు హెచ్‌పీటీ-32. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) వాళ్ల పిస్టన్ ఇంజన్ శిక్షణ విమానం. 1977 జనవరి 6న మొదటిసారి ఎగిరింది, 1984లో వాయుసేన చేతికి రావడం మొదలైంది. ముందు ఒక ప్రొపెల్లర్, 260 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్, లోపలికి ముడుచుకోని చక్రాలు, పక్కపక్కనే రెండు సీట్లు. ఒక సీట్లో ఇన్‌స్ట్రక్టర్, రెండో సీట్లో ఇరవయ్యేళ్ల క్యాడెట్. 1967లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన దుండిగల్ అకాడమీలో పాతికేళ్ల పాటు పైలట్ కాదలచుకున్న పిల్లలు తొలి పాఠం నేర్చింది ఈ విమానంలోనే. 1994 డిసెంబరులో వాయుసేన తొలి మహిళా పైలట్ల జట్టు ఇక్కడే పెరేడ్ చేసి బయటికి వచ్చింది. అప్పటికి క్యాడెట్ల తొలి మెట్టు దీపకే.

దానిని ప్రేమించినవాళ్లు తక్కువేం కాదు. తొలి సోలో ఏ పైలటూ మరిచిపోడు. పక్క సీటు ఖాళీగా ఉంటుంది, రేడియోలో తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంది, చక్రాలు నేలను తాకేదాకా ఊపిరి బిగబట్టే ఉంటుంది. ఆ అనుభవాన్ని ఎంతోమందికి ఇచ్చిన విమానాన్ని ఊరికే తిట్టిపోయడం న్యాయం కాదు.

కానీ దానికో జబ్బు ఉండేది. గాల్లో ఉండగా ఇంజన్ ఆగిపోయేది. ఇంధనం ఇంజన్‌కు సరిగ్గా అందకపోవడమే కారణమని అనుమానించారు. మార్పులు చేశారు, తనిఖీలు పెంచారు, మళ్లీ ఎగిరించారు. మళ్లీ ఆగేది. ఇంజన్ ఆగినా గాలిలో దూరం తేలిపోయే విమానాలు ఉన్నాయి. దీపక్ వాటి జాతి కాదు. పిల్లలు విసిరిన కాగితం విమానంలా తేలుతూ దిగేది కాదు, ముక్కు దించి కిందికి జారేది. కింద చూస్తే గుండ్రాళ్ల గుట్టలు, చెరువులు, కరెంటు తీగలు. చదునైన మడి దొరకడం అదృష్టం.

ఈ విషాదంలో అసలు పాత్ర ఎత్తుది. కొత్త క్యాడెట్ ఎక్కువసేపు గడిపేది సర్క్యూట్‌లో, అంటే రన్‌వే చుట్టూ సుమారు వెయ్యి అడుగుల ఎత్తున తిరుగుతూ, దిగుతూ, మళ్లీ లేస్తూ. వెయ్యి అడుగుల నుంచి రాయి వదిలితే ఎనిమిది సెకన్లలో నేల మీద ఉంటుంది. విమానం అంత వేగంగా రాలిపోదు, నిజమే. అయితే ఇంజన్ ఆగగానే ఏ పైలటయినా చేసే మొదటి పని దూకడం కాదు, ఇంజన్‌ను మళ్లీ తిప్పి చూడటం. రెండోది దిగడానికి చోటు వెతకడం. ఈ రెండూ అయ్యేసరికి మూడో పనికి ఎత్తు మిగలదు. మనిషిని సీటుతో సహా బయటికి విసిరే ఎజెక్షన్ సీటు దీపక్‌లో లేదు. వీపుకు పారాచూట్ ఉన్నా, పై అద్దాల కప్పు వెనక్కి నెట్టాలి, పట్టీలు విప్పుకోవాలి, గాలి హోరులో లేచి నిలబడి రెక్క మీదుగా దూకాలి, తోకకు తగలకుండా తప్పించుకోవాలి, అప్పుడు తాడు లాగాలి. ఇదంతా చేతులతో.

సరదాకు ఆకాశంలోంచి దూకేవాళ్ల లెక్క చూస్తే తేడా అర్థమవుతుంది. స్కైడైవర్ పది నుంచి పదమూడు వేల అడుగుల్లో విమానం వదులుతాడు. బోర్లా పడి, గంటకు దాదాపు రెండొందల కిలోమీటర్ల వేగంతో కిందికి వస్తూ, మూడు వేల అడుగుల దగ్గర పారాచూట్ తెరుస్తాడు. అది చిక్కుపడితే వదిలించుకోవడానికి ఒక పిడి, రెండో పారాచూట్‌కు ఇంకో పిడి. మనిషి స్పృహ తప్పితే? దానికీ ఒక చిన్న యంత్రం ఉంది. 1991లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ అనే ఆ పరికరం గాలి ఒత్తిడిని కొలుస్తూ ఉంటుంది, 750 అడుగుల దగ్గర కూడా మనిషి ఇంకా రాలిపోతూనే ఉన్నాడని తేలితే రిజర్వు పారాచూట్ కట్టును తానే కోసేస్తుంది. స్కైడైవర్‌కు అన్ని దారులూ మూసుకుపోయాక యంత్రం కలగజేసుకునే ఆ ఎత్తుకు కాస్త పైనే మన క్యాడెట్ రోజూ పాఠం నేర్చాడు.

అంతకన్నా తక్కువ ఎత్తు నుంచి కావాలని దూకేవాళ్లూ ఉన్నారు. భవనం, యాంటెన్నా, వంతెన, కొండ కొమ్ము, ఈ నాలుగింటి ఇంగ్లిషు తొలి అక్షరాలు కలిపి బేస్ జంపింగ్ అని పేరు పెట్టి దాన్ని ఒక ఆటగా నిలబెట్టింది అమెరికన్ కార్ల్ బీనిష్. ఇలా దూకేవాళ్లకు ఒకటే పారాచూట్. రెండోది తెరిచే వ్యవధి ఎలాగూ ఉండదు కనుక మోయరు. ప్రధాన పారాచూట్‌ను బయటికి లాగే చిన్న గుడ్డను దూకేటప్పుడే చేతిలో పట్టుకుని ఉంటారు. ప్రతి మడతా, ప్రతి తాడూ ముందే లెక్క. 1984 జూలైలో నార్వేలోని ట్రోల్‌వెగ్గెన్ కొండ గోడ మీద, భార్య జీన్‌తో కలిసి ప్రపంచ రికార్డు జంప్ చేసిన కొద్ది రోజుల్లోపే, అదే కొండ మీద మరో చోటి నుంచి దూకి బీనిష్ చనిపోయాడు. దీపక్‌లు వాయుసేనకు రావడం మొదలైన సంవత్సరమూ అదే. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు. బీనిష్ తన ఎత్తును తానే ఎంచుకున్నాడు. క్యాడెట్ ఎత్తును సిలబస్ ఎంచింది.

అలాగని పారాచూట్ అంటే తెలియని దేశమా మనది? కాన్పూర్‌లో పారాచూట్ల కోసమే ఒక ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 1941 నుంచి ఉంది. ఆగ్రాలో డీఆర్‌డీఓ ప్రయోగశాల ఒకటి సైనిక వాహనాలను సైతం విమానంలోంచి దించే పారాచూట్లు తయారు చేస్తుంది. అదే ఆగ్రాలో 1987 ఆగస్టు 10న వాయుసేన స్కైడైవింగ్ జట్టు ‘ఆకాశ్ గంగ’ పుట్టింది. దుండిగల్ పెరేడ్లలో ఆ జట్టు మూడు రంగుల పారాచూట్లతో వచ్చి, గీసిన గీత మీద వాలినట్టు దిగుతుంది. అమ్మానాన్నలు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు వింటే నాకు ఒక్కోసారి కోపం వస్తుంది. ఆ జట్టు మీద కాదు.

కొంత న్యాయంగా కూడా మాట్లాడాలి. డెబ్బైల నాటి చిన్న పిస్టన్ శిక్షణ విమానాల్లో ఎజెక్షన్ సీటు లేకపోవడం మన ఒక్కరి లోపం కాదు. బ్రిటన్ బుల్‌డాగ్‌లోనూ లేదు, అమెరికా మెంటర్‌లోనూ లేదు. బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, నెమ్మది విమానానికి అవసరం లేదన్నది అప్పటి వాదం. ఇంజన్ నమ్మకంగా తిరిగినంత కాలం ఆ వాదం నిలుస్తుంది. దీపక్‌కు ఆ నమ్మకమే కరువైంది. పైగా 1984లోనే హెచ్‌ఏఎల్ ఇదే విమానానికి టర్బోప్రాప్ ఇంజన్ బిగించి హెచ్‌టీటీ-34 పేరుతో ఎగిరించి చూపించింది. దానికి ఆర్డరు రాలేదు. అది వచ్చి ఉంటే అందరూ బతికేవారని నేను అనను. తలుపు ఒకటి తెరుచుకుంది, ఎవరూ అటు నడవలేదు, అంతవరకే.

తరువాతి సంవత్సరాలను ఒక్కొక్కటిగా చెప్పుకోవాల్సిన పని లేదు. ప్రమాదం, విచారణ, మళ్లీ ఎగరడం. అన్నీ కలిపితే 17 ప్రమాదాలు, 19 మంది పైలట్ల ప్రాణాలు. యుద్ధం లేదు, శత్రువు లేడు. వీళ్లలో కొందరికి భుజం మీద ఇంకా చారలు కూడా పడలేదు. కొందరు ఎన్నో బ్యాచ్‌లను గాల్లోకి ఎగరేసిన గురువులు. గురువులు పోయారన్నది గమనించదగ్గ మాట. ప్రమాదం జరిగినప్పుడల్లా పిల్లాడికి అనుభవం చాలలేదని అనుకోవడం సులువు. ఆ సులువును ఈ లెక్క ఒప్పుకోదు.

2009 జూలై 31, శుక్రవారం. దుండిగల్ నుంచి లేచిన దీపక్ మెదక్ జిల్లాలో కూలింది. ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఆ తరువాత వాయుసేన మొత్తం దీపక్‌లను నేలకు దించింది. వందకు పైగా విమానాలు ఒక్కసారిగా షెడ్లలో నిలిచిపోయాయి. మేడ్చల్ ఆకాశంలో ఆ గుర్రుమనే చప్పుడు పోయింది. క్యాడెట్లను నేరుగా కిరణ్ జెట్‌లో కూర్చోబెట్టారు, సైకిలు రానివాడికి మోటారుసైకిలు తాళం ఇచ్చారని గొణిగినవాళ్లూ ఉన్నారు. నేర్చుకునే గంటలు తగ్గాయి.

విమానాలు నేల మీద నిలిచిపోయాక అప్పుడు వచ్చింది పారాచూట్ మాట. మనుషులకు కాదు, విమానానికే. మొత్తం విమానాన్ని మోసే పారాచూట్ ఒకటి వెనక భాగంలో మడిచి పెడతారు. పైలట్ పిడి లాగగానే చిన్న రాకెట్ దాన్ని బయటికి లాగుతుంది, విమానం మనుషులతో సహా వేలాడుతూ దిగుతుంది. ఇది కల కాదు. 1975లో గాల్లోంచి గ్లైడర్‌తో పాటు ఒక చెరువులో పడి బతికిన బోరిస్ పోపోవ్ అనే అమెరికన్, పడుతున్నంతసేపూ ఇలాంటిది ఎందుకు లేదని కోపగించుకుని, 1980లో కంపెనీ పెట్టి తయారు చేసినది. సిర్రస్ కంపెనీ తన చిన్న విమానాలన్నింటికీ దాన్ని తప్పనిసరి చేసింది. 2002 అక్టోబరులో టెక్సాస్‌లో రెక్క మీది అదుపు పలక ఊడిపోయిన సిర్రస్ ఒకటి ఆ పారాచూట్ మీద దిగింది, లోపలి మనిషి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. అంటే మెదక్ ప్రమాదానికి ఏడేళ్ల ముందే ఇది పనిచేసి చూపించింది.

దీపక్‌లకు దాన్ని బిగించాలని హెచ్‌ఏఎల్ వెతికింది. చెప్పినంత తేలిక పని కాదు. అలా వేలాడటానికి గీసిన విమానం కాదు అది. కుదుపు తట్టుకునే పట్టు ఎక్కడ వేయాలి, ఆ బరువుకు తూకం ఎలా మారుతుంది, అన్నీ మొదటి నుంచి లెక్క కట్టాలి. పైగా ఈ పారాచూట్‌కూ తెరుచుకోవడానికి ఎత్తు కావాలి. ఆ మాట అలా సాగుతుండగానే వాయుసేన చూపు స్విట్జర్లాండ్ వైపు తిరిగింది. 2012 మేలో 75 పిలాటస్ పీసీ-7 విమానాలకు ఒప్పందం జరిగింది, 2013 మే 31న దుండిగల్‌లోనే అవి సర్వీసులో చేరాయి. దీపక్ మళ్లీ శిక్షణకు లేవలేదు.

పారాచూట్ ప్రాణం కాపాడినవారికి బంగారు పట్టుపురుగు పిన్ను ఇచ్చే ఆనవాయితీ ఒకటి ఉంది. 1922 అక్టోబరులో అమెరికాలో హెరాల్డ్ హారిస్ అనే టెస్ట్ పైలట్ విరిగిపోతున్న విమానంలోంచి దూకి బతికిన తరువాత మొదలైంది. అప్పట్లో పారాచూట్లు పట్టువే కదా. మన వైపు 2017 సెప్టెంబరు 28న కీసర మండలం అంకిరెడ్డిపల్లి దగ్గర కిరణ్ విమానం కూలినప్పుడు పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరి, పారాచూట్ మీద క్షేమంగా దిగిన సంగతి ఆ ఊరివాళ్లకు గుర్తుండే ఉంటుంది. మేడ్చల్ జిల్లా నేల మీద పారాచూట్ తన పని తాను చేసిన రోజు అది. కిరణ్‌ను హెచ్‌ఏఎల్ మొదట ఎగిరించింది 1964లో. అందులో ఎజెక్షన్ సీట్లు ఉన్నాయి. పదమూడేళ్ల తరువాత వచ్చిన దీపక్‌లో లేవు.

సీటు ఉంటే చాలు అని చెప్పడానికి 2023 డిసెంబరు 4 అడ్డు వస్తుంది. ఆ ఉదయం దుండిగల్ నుంచి లేచిన పీసీ-7 తూప్రాన్ దగ్గర రావెల్లిలో కూలింది. ఎజెక్షన్ సీట్లున్న విమానమే. ఒక ఇన్‌స్ట్రక్టర్, ఒక క్యాడెట్, ఇద్దరూ పోయారు. రోజూ చూసే ఆకాశమే కనుక ఈ ప్రాంతం వాళ్లు ఆ రోజు మళ్లీ పాత లెక్కలు తీశారు.

అదే ఏడాది మార్చిలో హెచ్‌ఏఎల్‌తో 70 హెచ్‌టీటీ-40 శిక్షణ విమానాలకు ఒప్పందం కుదిరింది. దీపక్‌ను చేసిన సంస్థే, దీపక్ వదిలిన ఖాళీ కోసమే. 2016 మే 31న బెంగుళూరులో అది తొలిసారి గాల్లోకి లేచింది. రన్‌వే మీద కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా మనిషిని పైకి విసిరి పారాచూట్ విప్పగల జీరో-జీరో సీట్లు అందులో ఇద్దరికీ ఉన్నాయి. వాటిని విమానం తయారయ్యాక బిగించలేదు, బొమ్మ గీసేటప్పుడే గీశారు.