చిన్న విమానంలో ఒక్కరోజు విదేశం: మన ఇళ్లలో ముందుగా చూసుకోవలసిన కాగితాలు

యానాంలో పాతతరం వారికి విదేశం అంటే విమానం గుర్తుకు వచ్చేది కాదు. 1954 జూన్ దాకా కాకినాడ నుంచి మన ఊళ్లోకి వచ్చినవాడు ఫ్రెంచివారి గడ్డ మీద అడుగుపెట్టినట్టే లెక్క. 1929లో శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ జిల్లాల పెళ్లివారు ఇక్కడికి తరలివచ్చి, అక్కడ చెల్లని బాల్యవివాహాలు ఇక్కడ జరిపించుకుని వెళ్లేవారు. ఆచారం మంచిదని ఎవరూ అనరు గాని, ఒక్కరోజు విదేశయాత్ర ఫరంపేటకు కొత్త మాట కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఇప్పుడు మన పిల్లలు నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నారు. షష్టిపూర్తికో, మనవడి పుట్టినరోజుకో చిన్న విమానం మాట్లాడుకుని పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొద్దాం అనే మాట వినిపిస్తోంది. మన తీరం నుంచి అలా వెళ్లి రావడానికి వీలైన విదేశం శ్రీలంక. చెన్నై నుంచి యాళ్పాణం దగ్గరి పలాలి విమానాశ్రయానికి గాలిలో సుమారు 360 కిలోమీటర్లు. రెండు ఇంజన్ల కింగ్ ఎయిర్ అయితే గంటలోపు, నలుగురు కూర్చునే సెస్నా 172 అయితే సుమారు గంటా ముప్పావు. ఇది వింత ప్రయాణమేమీ కాదు. 1935 నవంబరులో కొలంబో పక్కన రత్మలానాలో మొట్టమొదట దిగిన విమానం మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బు శిక్షకుడు నడిపిన చిన్న పస్ మాత్.

చిక్కు దూరంలో లేదు. మనకు దగ్గరి విమానాశ్రయం రాజమండ్రి మధురపూడి. అది దేశీయ ప్రయాణాలకే. కస్టమ్స్ విమానాశ్రయంగా ప్రకటించిన చోటి నుంచే విదేశానికి బయలుదేరాలి. తిరిగి వచ్చేటప్పుడు మొదట దిగవలసిందీ అలాంటి చోటే. 1962 నాటి కస్టమ్స్ చట్టం ఈ విషయంలో మూడు వందల మంది ఎక్కే విమానానికీ, ముగ్గురు ఎక్కే విమానానికీ తేడా చూపదు. కాబట్టి మధురపూడిలో ఎక్కినా చెన్నైలోనో విశాఖలోనో దిగి, ఇమిగ్రేషన్ ముద్ర వేయించుకుని, సామాను చూపించి మళ్లీ ఎక్కాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఫ్లైట్ ప్లాన్, వాయుసేన వారి క్లియరెన్సు నంబరు, శ్రీలంకలో దిగడానికి అనుమతి ఇవన్నీ విమానం నడిపేవారు తెచ్చుకుంటారు. కాని పలాలిలో ఇమిగ్రేషన్ సిబ్బంది ఆ రోజు ఏ వేళ దాకా ఉంటారో, చీకటి పడితే ఏం చేస్తారో మనం ముందే అడిగి రాతలో పుచ్చుకోవాలి. రెండు చోట్ల దిగి, రెండు దేశాల తనిఖీలు అయ్యేసరికి నల్లూరు గుడి చూడడానికి మూడు నాలుగు గంటలు మిగిలితే గొప్ప. నన్నడిగితే ముందు రోజు రాత్రి రైల్లో చెన్నై చేరుకోవడం మేలు.

అసలు జాగ్రత్త పాస్‌పోర్టు దగ్గర కావాలి, అందులోనూ మన యానాం వాళ్లకి. 1956 మే 28న జరిగిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చాక ఫ్రెంచి జాతీయత కోరుకోవడానికి ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆ గడువులో సంతకం పెట్టిన కుటుంబాలూ ఉన్నాయి, పెట్టనివీ ఉన్నాయి. అందుకే ఈనాటికీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్న అన్నదమ్ముల పిల్లల్లో ఒకరిది ఫ్రెంచి పాస్‌పోర్టు, మరొకరిది భారత పాస్‌పోర్టు కావచ్చు. విమానం ఒకటే అయినా వీళ్ల కాగితాలు వేరు.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి తిరిగి రావడంలో ఇబ్బంది లేదు. శ్రీలంక ఈటీఏ ముందుగా తీసుకోవాలి, పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఫ్రెంచి పాస్‌పోర్టు మీద వీసాతో ఇక్కడ ఉంటున్నవారికే ప్రమాదం. ఆ వీసా ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చినదైతే, పలాలిలో మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి అది చెల్లిపోయి ఉంటుంది. ఒక్క పూట బయటికి వెళ్లినా దేశం విడిచినట్టే. చెన్నైలో దిగాక ఇల్లు యానాంలో ఉందని చెప్పినా ప్రయోజనం ఉండదు.

దీనికి మందు ఓసీఐ కార్డు. 1947 ఆగస్టు 15 తరువాత భారతదేశంలో కలిసిన ప్రాంతానికి చెందినవారు, వారి పిల్లలు, మనవలు, మునిమనవలు దీనికి అర్హులని 1955 పౌరసత్వ చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ మాట మన యానాంకు అచ్చంగా సరిపోతుంది. కార్డు ఉంటే జీవితాంతం ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. ప్రయాణంలో కార్డు, ప్రస్తుత పాస్‌పోర్టు రెండూ దగ్గర ఉండాలి. ఇంకా తీసుకోని పెద్దవాళ్లు మన పేటల్లో ఉంటే, విమానం సంగతి పక్కనపెట్టి ముందు ఆ దరఖాస్తు చూడండి. తాతల నాటి జనన పత్రాలు ఫ్రెంచిలో ఉంటాయి గనుక అనువాదానికి వ్యవధి పెట్టుకోవాలి.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. అద్దెకు మనుషుల్ని ఎక్కించుకోవాలంటే ఆపరేటరుకు డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ పర్మిట్ ఉండాలి. సొంత వాడకానికి రిజిస్టరు చేసిన విమానంలో తలా ఇంత వేసుకుని వెళితే అది పర్మిటు లేని అద్దె అవుతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది అదే. మీ సొంత ప్రమాద బీమాలో కూడా చిన్న విమానాల గురించి ఏం రాసి ఉందో చదవండి.

బ్రిటన్‌లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను చిన్న విమానంలో ఇంగ్లిష్ చానెల్ దాటించి ఫ్రాన్సులోని ల తూకే తీసుకెళదామన్నా లెక్క ఇదే, కాకపోతే తలకిందులు. ఫ్రెంచి పాస్‌పోర్టు బాబాయికి అవతల గడ్డ సొంత దేశం, తిరిగి బ్రిటన్‌లోకి రావడానికి 2025 ఏప్రిల్ నుంచి ఈటీఏ కావాలి. భారత పాస్‌పోర్టు నాన్నగారికి బ్రిటన్ వీసా ఉన్నా చాలదు, షెంగెన్ వీసా విడిగా ఉండాలి. విమానం నడిపే కుర్రవాడు బ్రిటన్‌కు బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు అందరి పేర్లూ, పాస్‌పోర్టు వివరాలూ అక్కడి సరిహద్దు శాఖకు ఆన్‌లైన్‌లో పంపాలి. అమెరికా నుంచి బహామాస్ వెళ్లేవారికీ ఇలాంటి నియమం 2009 నుంచి ఉంది, అక్కడ గంట ముందు.

యానాంలో ఓసీఐ దరఖాస్తు నింపడానికి చేయి ఆడనివారు పాత కాగితాల నకళ్లు పట్టుకుని సంఘం దగ్గరికి వస్తే కూర్చుని చూద్దాం. అసలు ప్రతులు ఇంట్లోనే భద్రంగా ఉంచండి.