లాస్ ఏంజెలిస్ పొగ

1943 జూలైలో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమును దట్టమైన పొగ క్రమ్మెను. కన్నులు మండినవి. యుద్ధకాలము గనుక, శత్రువులు విషవాయువు వదలిరేమోయని కొందరు భయపడిరి. పిదప కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు చేయు ఒక కర్మాగారముపై నింద పడెను. దానిని మూయించిరి, పొగ మాత్రము పోలేదు.

గాలికి ఊరి పొలిమేరలు లేవు గదా! 1947లో కాలిఫోర్నియా రాష్ట్రము కౌంటీలకు, అనగా మన జిల్లాలవంటి వానికి, వాయుకాలుష్యమును అదుపుచేయు అధికారము నిచ్చెను. లాస్ ఏంజెలిస్ కౌంటీ కర్మాగారములను కట్టడిచేసెను. ఐనను కన్నుల మంట తీరలేదు.

అనాసపండు వాసనకు మూలమేదో శోధించుచుండిన హాగెన్-స్మిట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఈ చిక్కు విప్పెను. మోటారుకార్లు, చమురుశుద్ధి కర్మాగారములు వదలు హైడ్రోకార్బనులు నైట్రోజన్ ఆక్సైడులతో కలసినపుడు సూర్యరశ్మి వలన ఓజోను పుట్టునని 1952 నాటికి ఆయన తేల్చెను. ఓజోను ఏ గొట్టమునుండియు రాదు, ఎండలో తయారగును. చమురు వ్యాపారులు దీనిని వెంటనే ఒప్పుకొనలేదు.

దోషి ప్రతి యింటి ముంగిటనే నిలిచియున్నదన్నమాట! కారు కౌంటీ హద్దులో ఆగదు. కావున 1960లో రాష్ట్రమే మోటారువాహన కాలుష్యమునకు ప్రత్యేక మండలి నేర్పరచెను. 1966 నమూనా కార్లు వదలు వాయువులకు పరిమితి విధించెను. అటువంటి పరిమితులే 1968 నమూనాలనుండి అమెరికా దేశమంతటను అమలైనవి.